ఇంజిన్ బొమ్మ లైటు

“లైటే గదా, ఆ బల్బు పీకి పారేయమను మెకానిక్‌ను” అన్నాడు ఉపేందర్ ఫోన్‌లో.

శారద అప్పుడు కందిపప్పు కడుగుతోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. అతను నవ్వాడు. అతని పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. జనగామలో అతని గదిలో సాయంత్రాలు తోటి లెక్చరర్లు కూర్చుని చాయ్ తాగుతారని ఆమెకు తెలుసు. అంటే తను చెప్పిన బండి సంగతి అందరూ విన్నారన్నమాట. కోపం వస్తుందేమోనని ఆగి చూసుకుంది. రాలేదు. ఈ మధ్య అంతే. రావలసినవేవీ సమయానికి రావడం లేదు. కడుగునీళ్లు తేటపడ్డాయి. వంచేసి, పప్పు కుక్కర్లో పోసి, “సరే, ఉంట మరి” అంది.

శారద ఏఎన్ఎం, ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సు. ఇల్లు మహబూబాబాద్‌లో, పని బయ్యారం అవతలి తండాల్లో. ఆ తండాలకు బస్సు పోదు, ఆటోవాళ్లు రామంటారు. అందుకే ఉద్యోగం వచ్చిన కొత్తలో బండి కొన్నారు. స్కూటీ ఆ రాళ్ల దారుల్లో ఆగదని మోటార్ సైకిలే తీసుకున్నారు. కాగితాలు మాత్రం భర్త ఉపేందర్ పేరు మీద ఉన్నాయి. చీర కొంగు నడుముకు చుట్టి ఆమె దాని మీద పోతుంటే మొదట్లో బజారు బజారంతా చూసేది. ఇప్పుడెవరూ చూడరు. ఉపేందర్ జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాడు. శనివారం సాయంత్రం రైలుకు వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాడు. కూతురు కల్యాణి భూపాలపల్లి గురుకులంలో చదువుతోంది. ఇంట్లో మిగిలేది శారద, అత్త చిలుకమ్మ. అత్తను దవాఖానకు తీసుకుపోవాలన్నా, బియ్యం బస్తా తేవాలన్నా, గ్యాసు బండ మోయాలన్నా ఆ బండే. బండి అంటే శారదే.

వానాకాలం మొదట్లో ఒకనాడు స్పీడు చూపించే ముల్లు పక్కన పసుపు పచ్చగా ఇంజిన్ బొమ్మ వెలిగింది. కాసేపుండి ఆరిపోయింది. రెండు రోజులకు మళ్లీ వెలిగింది. ఈసారి బండి ఎవరో వెనక్కి లాగినట్టు ఒక్క కుదుపు కుదిపి మళ్లీ అందుకుంది. ఆ ఆదివారం ఉపేందర్‌కు చెప్పింది. అతను లుంగీ మీదే బండి తీసి, స్టేషన్ దాకా పోయి వచ్చి, ఇంటి ముందు ఆపి, చుట్టుపక్కల వాళ్లకు కూడా వినపడేలా, “ఏది? యాడ ఎలిగింది? నేను నడిపితే ఎందుకు ఎలుగది? నీ చేతిలనే ఉన్నది దోషం. గేరు మార్చుడు రాదు, క్లచ్చు మీదనే నడుపుతవు” అన్నాడు. ఎదురింటి ఆమె బట్టలు ఆరేస్తూ నవ్వింది. శారద కూడా నవ్వింది. అలాంటప్పుడు నవ్వడం అలవాటైపోయింది.

మెకానిక్ రాజేశ్ షెడ్డుకు తీసుకుపోతే అతను ప్లగ్గు తుడిచాడు, బ్యాటరీ వైర్లు బిగించాడు, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. లైటు వెలగలేదు. “మంచిగనే ఉంది గదా సిస్టరమ్మా. సార్ వచ్చినప్పుడు ఒకసారి తోలియ్యండ్రి, సార్‌తోని మాట్లాడ్త” అన్నాడు.

“నడిపేది నేనే కదన్నా. నాకే చెప్పు.”

“అంటే... సార్‌కైతే జర జల్ది సమజైతది.”

అతను చెడ్డవాడేం కాదు. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు. శారద తలూపి బండి తీసుకుని వచ్చేసింది. మరుసటి బుధవారం టీకాల రోజు. ఆశా కార్యకర్త సమ్మక్కను వెనక ఎక్కించుకుని తండాకు పోతుంటే లైటు మళ్లీ వెలిగింది. చెరువు కట్ట మీద ఇంజిన్ ఆగి, మళ్లీ స్టార్టు కావడానికి చాలాసేపు పట్టింది. తండాకు చేరేసరికి పిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూసిన తల్లులు సగం మంది పత్తి చేలల్లో కలుపు తీయడానికి వెళ్లిపోయారు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, “బస్సులల్ల వచ్చేటోళ్లే టైముకొస్తున్నరు, సొంత బండి ఉన్న నీకేమైందమ్మా?” అన్నాడు. బండి ఆగిందని చెబితే, “ఎప్పుడు జూసినా నీకేదో ఒకటి” అన్నాడు.

ఆ మాట కొత్తది కాదు. పెళ్లయిన తొలి ఏడాది తలనొప్పితో గోడకు ఆనుకుని కూర్చుంటే అత్త, “మా ఇంట్ల ఎవ్వలకు రాని నొప్పి నీకే వస్తది” అంది. కల్యాణి కడుపులో ఉన్నప్పుడు కాళ్లు వాచాయని చెబితే ఉపేందర్ ఆమె కాళ్లకేసి కూడా చూడకుండా, “నర్సువు గదా, నీకు రోగాలన్నీ తెలుసు, అందుకే అన్నీ ఉన్నట్టు అనిపిస్తయి” అన్నాడు. రేగొండలో తల్లికి చెప్పుకుంటే ఆమె, “మంచోడే గద బిడ్డా, తాగడు, కొట్టడు” అంది. నిజమే. తాగడు, కొట్టడు. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఇంకేం మిగలదు. ఏళ్ల తరబడి అలా వింటూ వింటూ, తను చూసింది ఇంకొకరు కూడా చూశామని చెప్పేదాకా నమ్మకుండా ఉండటం శారద కూడా నేర్చుకుంది. లైటు విషయంలోనూ అంతే. కొన్నాళ్లకు ఆమె దానివైపు చూడటం మానేసింది. చూస్తే వెలుగుతుందేమోనని, వెలిగితే ఎవరికో చెప్పాల్సి వస్తుందని, రోడ్డు మీదే కళ్లు పెట్టుకుని నడిపేది.

అలా చూడకుండా పోతున్న రోజుల్లోనే, చిలుకమ్మను బయ్యారంలో ఆమె చెల్లెలింటికి తీసుకుపోయి తిరిగి వస్తున్నప్పుడు, వాగు మీద సన్నటి వంతెన మధ్యలో బండి ఒక్కసారిగా ఆగిపోయింది. వెనక వడ్ల బస్తాల లారీ వస్తోంది. డ్రైవర్ బ్రేకు తొక్కిన చప్పుడుకు వాగులో కొంగలు లేచిపోయాయి. లారీ ముందు భాగం చిలుకమ్మ వీపుకు చేయి చాపితే తగిలేంత దగ్గరికొచ్చి ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి తిట్టాడు. శారద అత్తను దింపి, బండిని తోసుకుంటూ వంతెన దాటించింది. అవతలి ఒడ్డున చిలుకమ్మ కోడలి భుజం పట్టుకుంది.

“గదేంది శారదా, ఆగేముందు గాడ పచ్చగ ఎలిగింది?”

“మీరు చూసిండ్రా అత్తమ్మా?”

“సూడకేంది? నీ భుజం మీదికెళ్లి సక్కగ కనవడుతనే ఉండె.”

ఎవరో ఒకరు చూశారు. శారదకు నాలుగు చుక్కల నీళ్లు తాగినట్టనిపించింది, అంతే.

ఆ సాయంత్రం ఉపేందర్ ఫోన్ చేసినప్పుడు ఆమె స్పీకర్ పెట్టి లారీ సంగతి చెప్పింది. అతను, “అమ్మా, నువ్వు జూసినవా లైటు?” అని అడిగాడు.

చిలుకమ్మ పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తలేదు. “నాకేమెర్క బిడ్డా. నేను అటు దిక్కు సూడలే” అంది.

శారద అత్తవైపు చూసింది. అత్త వేళ్లు మాత్రమే కదులుతున్నాయి. ఉపేందర్ గొంతు ఈసారి స్థిరంగా వచ్చింది. అన్నీ ముందే అనుకుని ఉన్నవాడి గొంతు. “ఇగో శారదా, నేను చెప్పేది విను. నీకా బండి అచ్చిరాదు. అమ్మకేమన్న అయితే ఎవలది జిమ్మేదారి? కేసముద్రంల బిక్షపతి అని మా కాలేజీ క్లర్కు బామ్మర్ది ఉన్నడు, బండి కావాలంటుండు. ఆదివారం వచ్చి చూస్తడు. నువ్వు ఈ నెలాఖరుకు ఆ కాంట్రాక్టు నౌకరీ బంద్ వెట్టు. అమ్మను తీస్కొని జనగామ వచ్చేయ్. హోటల్ తిండి తిని నా కడుపు ఖరాబైతుంది. ఇక్కడ చూస్తే గది ఊడ్చేటోళ్లు లేరు, బట్టలుతికేటోళ్లు లేరు.”

“సరే” అంది శారద.

ఆ ‘సరే’ ఆమె నోట్లోంచి ఎప్పుడూ దానంతటదే వస్తుంది. ఫోన్ పెట్టేశాక పొయ్యి దగ్గరికి వెళ్లి అన్నం వార్చింది. నౌకరీ పోతుందని తనకు తనే చెప్పుకుంది. తండాలో సిస్టరమ్మా సిస్టరమ్మా అని వెంటపడే పిల్లలు, నొప్పులొస్తుంటే ముందు తనకే ఫోన్ చేసే ఆడవాళ్లు, చెట్టు కింద సమ్మక్కతో పంచుకు తినే సద్ది, అన్నీ పోతాయి. ఒక్కొక్కటీ తలచుకుంది. ఏదైనా ఒకదానికైనా ఏడుపొస్తుందేమోనని చూసింది. గంజి వేడి చేతికి తగులుతోంది, అంతవరకు తెలుస్తోంది.

శనివారం మధ్యాహ్నం ఆమె పెందలాడే ఇంటికొచ్చింది. సాయంత్రం ఉపేందర్ వస్తాడు, రేపు బండి పోతుంది. గిన్నెలు తోముతూ, ఏ ఆశా లేకుండానే, ఊరికే ఆలోచించడం మొదలుపెట్టింది. వచ్చిపోయే జ్వరంతో ఎవరైనా వస్తే తను ఏమడుగుతుంది? ఎప్పుడొస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది, వచ్చేముందు ఏం చేశావు. బండిని ఆ మాట ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. లైటు ఎప్పుడు వచ్చింది? సమ్మక్క వెనక కూర్చున్నప్పుడు. బియ్యం బస్తా తెచ్చినప్పుడు. గ్యాసు బండ కట్టుకొచ్చిన రోజు. అత్తమ్మ ఉన్నప్పుడు. ఎప్పుడు రాలేదు? టీకాల డబ్బా ముందు పెట్టుకుని ఒక్కతే పోయినప్పుడు. ఉపేందర్ ఒక్కడే స్టేషన్‌కు పోయినప్పుడు. రాజేశ్ ఒక్కడే చుట్టు తిప్పినప్పుడు. ఆమె చేతిలో గిన్నె ఆగింది. వాన కాదు, పెట్రోలు కాదు, క్లచ్చు కాదు. వెనక సీటు మీద బరువుంటేనే వస్తోంది.

చేతులు తుడుచుకుని వాకిట్లోకి వెళ్లింది. బండిని డబుల్ స్టాండు వేసి స్టార్టు చేసింది.

“అత్తమ్మా, జర వచ్చి బండి మీద కూసుంటరా?”

చిలుకమ్మ గడపలోంచి చూసింది. “యాడికి పోవాలె?”

“యాడికి లేదు. ఊకెనే కూసోండ్రి.”

“పిస్స లేసిందా పిల్లా నీకు?” అంటూనే వచ్చింది. కోడలి భుజం ఆసరాతో ఎక్కి కూర్చుంది. లైటు రాలేదు. “జర ఎనకకు జరుగుండ్రి” అంది శారద. చిలుకమ్మ గొణుక్కుంటూ జరిగింది. ఇంజిన్ బొమ్మ వెలిగింది.

“దిగుండ్రి.” ఆరిపోయింది. “ఎక్కుండ్రి.” వెలిగింది. మళ్లీ దిగమంది. మళ్లీ ఎక్కమంది. పట్టపగలు, ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తోంది. చిలుకమ్మ మూడోసారి దిగలేదు. అక్కడే కూర్చుని, ఆ లైటు వైపే చూస్తూ, మెల్లగా అంది. “ఆనాడు నేను సూసిన బిడ్డా. ఆనికి చెప్పలే.”

“తెలుసు అత్తమ్మా.”

“సూసిన్నంటె ఆడు నన్నే అంటడు. తెలిసి తెలిసి ఎందుకు ఎక్కినవని. మీ మామ గట్లనే అంటుండె. నేనేది చెప్పినా, నీకెట్ల తెలుసు, నువ్వెందుకు పోయినవు, నిన్నెవరు సూడమన్నరు అనేటోడు. ఇగ సూడకపోవుడే మంచిగుండె.”

శారద ఇంజిన్ ఆపింది. అత్త మీద కోపం లేదు, జాలీ లేదు. తనకంటే ముందు నుంచి ఇదే పని చేస్తున్న మనిషిని చూస్తున్నట్టుంది. చేయి అందించి దింపింది.

బండితో వచ్చిన పానాతో సీటు బోల్టులు విప్పింది. ఒకటి మొండికేస్తే పానా మీద కాలు పెట్టి తొక్కింది. సీటు లేపితే కింద దుమ్ము, ఎండిన ఆకులు, వైర్ల కట్ట. ఎండాకాలంలో ఉపేందర్ ముచ్చటపడి ఎర్ర దారం కుట్లున్న కొత్త సీటు కవరు వేయించాడు. అప్పుడు సీటు తీసినవాళ్లు వైర్ల కట్టను మళ్లీ దాని కొక్కెంలో పెట్టకుండా, ఇనుప చట్రం మీదే వదిలేసి సీటు బిగించేశారు. ఎవరైనా వెనక కూర్చున్నప్పుడల్లా సీటు దిగి, ఆ వైరును ఇనుముకేసి నొక్కుతోంది. నొక్కీ నొక్కీ పైతొడుగు అరిగిపోయి ఒకచోట రాగి బయటపడింది, అది ఇనుముకు తగిలినప్పుడల్లా లైటు వెలుగుతోంది. ఆమె దాన్ని వేలితో తడిమింది. తెగిన రాగి పోగు ఒకటి చర్మంలో గుచ్చుకుంది. చిన్న రక్తపు బొట్టు ఉబికింది. నొప్పి కొంచెం ఆలస్యంగా తెలిసింది. తెలిసింది కదా అనుకుంది.

కొట్టుకు పోయి నల్ల టేపు తెచ్చింది. అరిగిన చోట గట్టిగా చుట్టి, కట్టను కొక్కెంలో దూర్చి, సీటు బిగించింది. చిలుకమ్మ ఈసారి పిలవకముందే వచ్చి కూర్చుంది. వెనక్కి జరిగింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఊగి కూడా చూసింది. లైటు రాలేదు.

“ఆనికి ఫోన్ జేసి చెప్తవా?” అంది.

“ఎందుకు అత్తమ్మా?” అంది శారద. నిజంగానే ఎందుకో ఆమెకు తోచలేదు.

సాయంత్రం ఉపేందర్ వచ్చాడు. నీళ్లు ఇచ్చింది, తువ్వాలు ఇచ్చింది, వేడి అన్నం పెట్టింది. అతను కాలేజీ గొడవలు చెప్పాడు. జనగామలో చూసిన ఇంటి గురించి చెప్పాడు. వంటగది కొంచెం ఇరుకు, సర్దుకోవచ్చన్నాడు. లైటు గురించి అడగలేదు.

ఆదివారం పొద్దున బిక్షపతి వచ్చాడు. మార్కెట్ యార్డులో కాంటాల దగ్గర పనిచేసే మనిషి. మెడలో తువ్వాలు, పెద్ద గొంతు. బండి చుట్టూ తిరిగి టైర్లు చూశాడు, చైను లాగి చూశాడు. శారద లోపల చాయ్ కాస్తోంది. వాకిట్లో మాటలు వినపడుతున్నాయి.

“కంప్లయింట్లేమన్న ఉన్నయా సార్?”

“ఏం లేవు బిక్షపతన్నా. ఒక్క దినం గూడ ఇబ్బంది పెట్టలే. ఆడమనిషి నడిపిన బండి, ఎంత పైలంగ ఉంటదో నీకు తెల్వదా?”

“మరి ఇంజిన్ లైటు ఏదో ఎలుగుతదని మా బావ అన్నడు?”

ఉపేందర్ నవ్వాడు. “అదా? అది మా ఆమె భ్రమ.”

శారద గ్లాసుల్లో చాయ్ పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. తను నడిపితే చెడిపోయిన బండి, అమ్మేటప్పుడు మంచి బండి. తను నడిపితే మనుషులకు ప్రాణాపాయం, అమ్మేటప్పుడు తను పైలంగా, జాగ్రత్తగా నడిపే మనిషి. రెండు మాటలూ ఒకే మనిషివి, ఒకే వారంలో అన్నవి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం లేకపోవడమే ఆమెకు వింతగా అనిపించింది. పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

బిక్షపతి గ్లాసు అందుకుంటూ ఆమె ముఖంలోకి చూశాడు. “నడిపేది నువ్వే గద చెల్లె. నువ్వు చెప్పు, ఏమన్న ఉన్నదా?”

ఇన్నాళ్లలో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. శారద పళ్లెం గోడ మీద పెట్టింది.

“ఉండె అన్నా. ఎనక మనిషి కూసుంటే ఇంజిన్ లైటు ఎలిగేది, బండి ఆగేది. వంతెన మీద ఆగి, లారీ కింద పడుడు తప్పింది. నా భ్రమ కాదు. సీటు కవరు ఏసినప్పుడు వైరు తప్పుగ పెట్టిండ్రు. సీటు ఒత్తుకొని వైరు కోసుకపోయింది. నిన్న సీటిప్పి నేనే టేపేసిన. ఇప్పుడు మంచిగున్నది.”

ఉపేందర్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. బిక్షపతి గట్టిగా నవ్వి, “మంచి పని జేసినవు చెల్లె. మరింక తీస్కపోవచ్చునా?” అన్నాడు.

“లేదన్నా. అమ్ముతలేం. నాకు రేపు డ్యూటీకి కావాలె. నిన్ను ఊకె తిప్పినం, ఏమనుకోకు.”

ఆమె గొంతు పెరగలేదు. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టే ఉంది. బిక్షపతి ఒకసారి ఆమెను, ఒకసారి ఉపేందర్‌ను చూశాడు. చాయ్ తొందరగా తాగేసి, గ్లాసు గోడ మీద పెట్టి, “సార్, మీరు మీరు మాట్లాడుకోండ్రి, నేనైతే పోయొస్త” అంటూ వెళ్లిపోయాడు.

లోపలికి రాగానే ఉపేందర్ తలుపు దగ్గరకు వేశాడు. “ఏమైంది నీకు? బయటి మనిషి ముంగట ఇజ్జత్ తీసినవు గద. బండి నా పేరు మీదున్నది, యాదికుందా?”

“యాదికుంది. బండి తీస్కపోతే తీస్కపోండ్రి. ఎక్కువ పైసలిచ్చన్న సమ్మక్కతోని ఆటో మాట్లాడుకుంట. నౌకరీ మాత్రం బంద్ పెట్టను. జనగామ రాను.”

“మొన్న సరే అన్నవు గద?”

“అన్న. ఏండ్లసంది అదే అంటున్న. ఆ సరే నేను అనుకొని అన్నది కాదు.”

మంచం మీద కూర్చున్న చిలుకమ్మ కొడుకువైపు చూసింది, కోడలివైపు చూసింది. ఉపేందర్ కుర్చీలో కూలబడ్డాడు. అరుస్తాడనుకుంది శారద. అరవలేదు. ఏదో లెక్క తప్పినవాడిలా గోడవైపు చూస్తూ వేళ్లు మడిచాడు.

“నువ్వు రావు. అమ్మను చూసేది నువ్వే, అంటే అమ్మ గూడ రాదు. మరి నా తిండి? నా బట్టలు? ఆ గది?” అన్నాడు. అతని గొంతులో కోపం కంటే తికమకే ఎక్కువ. “నేనేం జెయ్యాలె చెప్పు?”

ఇన్నేళ్ల కాపురంలో అతను జవాబు కోసం తనను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో అనిపించింది శారదకు. అందుకే నిజాయితీగా ఆలోచించింది. అతనికి ఏ కూర పడదో, ఏ చొక్కాకు గుండీ ఊడిందో, ఏ గోళీ అన్నానికి ముందు వేసుకోవాలో అన్నీ ఆమె తలలోనే ఉండేవి. వెతికింది. ఈ ప్రశ్నకు జవాబు అక్కడెక్కడా దొరకలేదు.

“అది నాకు తెల్వది” అంది.

చెప్పాక, అది నిజమేనని తెలుసుకుని, ఆమె చాలా రోజుల తర్వాత ఊపిరి మొత్తం లోపలికి తీసుకుంది.